గృహస్థుని చలనచిత్ర యంత్రము

గ్రామఫోను పెట్టెకు కీ త్రిప్పిన యనుభవము మన పెద్దలలో పలువురకు కలదు. ప్రక్కనున్న పిడిని త్రిప్పుచుండగా లోపలి యుక్కుపట్టీ చుట్టుకొని బిగియుటయు, ఆ బిగువు చేతికి తెలియుటయు, పిమ్మట చేయి విడిచినను పళ్లెము తనంతట తాను సమవేగముతో తిరుగుటయు వారు చూచినదే. ఆ యుక్కుపట్టీనే కుదించి చేతిలో నిముడు పెట్టెలో బిగింపగా నది చలనచిత్రమును తీయు యంత్రమైనది. 1923 మొదలు 1965 దాక, నించుమించు నలువదేండ్లకాలము, అమెరికాలోను ఐరోపాలోను గృహస్థులు తమ బిడ్డల నడకను, తమ వీధుల సందడిని, తమ ముసలివారి నవ్వును దానితోనే పట్టి యుంచిరి. చలనచిత్ర చరిత్రకారులు నటులను గూర్చియు దర్శకులను గూర్చియు సంపుటములు నింపిరి గాని, యీ చిన్నపెట్టెకు వారి గ్రంథములలో దొరకిన చోటు స్వల్పము. అది యెట్లు పుట్టినదో, చేసినవారెవరో, ఎవరి చేతికి చిక్కినదో, చిక్కినందువలన నేమి జరిగినదో యించుక విచారించుటయే మా యుద్దేశము.

తొలినాటి చలనచిత్రము గృహములో నడుగిడకుండుటకు రెండడ్డులుండెను. ఒకటి నిప్పు, రెండవది చేయి.

మొదట నిప్పు మాట. ప్రదర్శనశాలలకై తయారగుచుండిన 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెల్యులోజు నైట్రేటుతో చేయబడినది. ఇది ఫిరంగులలో వాడు తుపాకిపత్తికి దగ్గఱి చుట్టము. ఒకమాఱంటుకొన్నచో నీరు చల్లినను ఆఱదు. మండుటకు వలసిన ప్రాణవాయువు దానిలోనే యుండును. 1897వ సంవత్సరము మే 4వ తేదీన పారిసు నగరములో ధర్మకార్యమునకై కులీనస్త్రీలు నడపుచుండిన సంతశాలలో చలనచిత్ర ప్రదర్శనపు దీపమునుండి మంటలు పుట్టి 126 మంది మరణించిరి. ఆ మంటకు మొదటి హేతువు దీపములోని ఈథరు గాని ఫిల్ము కాదు. ఐనను చలనచిత్రమనగా నగ్నిభయమను తలంపు జనుల మనస్సులలో నాటుకొనిపోయెను. ఫిల్ము విషయమున నా భయము నిరాధారమును గాదు. పసిపిల్లలు తిరుగు నింటిలో నట్టి వస్తువును వేడిదీపమునెదుట త్రిప్పుటకు ఏ తల్లి యొప్పుకొనును?

ఇక చేయి. నాటి కెమేరా పిడిని సెకండునకు రెండు చుట్లు చొప్పున త్రిప్పవలెను. చుట్టునకు 8 బొమ్మలు, సెకండునకు 16. చేయి తొందరపడినచో తెఱపై మనుష్యులు నీటిలో నడచినట్లు నెమ్మదిగా కదలుదురు. చేయి మందగించినచో పరుగులెత్తుదురు. త్రిప్పుచున్నప్పుడు పెట్టె కదలకుండుటకై దానిని ముక్కాలిపై నిలుపవలెను. వృత్తిగా గలవారు దీనిని సాధించిరి. కాని బిడ్డ మొదటి యడుగు వేయబోవుచుండగా తండ్రి ముక్కాలిని తెచ్చి, కాళ్లు సాగదీసి, కెమేరా నెక్కించి, పిడి పట్టుకొనులోపల ఆ బిడ్డ పడి లేచి తల్లి యొడి చేరియుండును.

చేతికి విడుదల గలిగింపవలెనన్న కోరిక యంతకు ముందే పుట్టినది. పోలండు దేశస్థుడైన కజిమీర్ ప్రూషిన్‌స్కీ కెమేరా లోపల గాలిని బిగించి నింపి, ఆ గాలి వెలువడు బలముతో ఫిల్మును నడపు యంత్రమును కల్పించి 1909లో హక్కుపత్రము పొందెను. సైకిలు పంపుతో గాలి కొట్టుకొని బయలుదేరవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున వార్తాచిత్రకారులు దానిని వాడిరి. అది యింటి వస్తువు మాత్రము కాలేదు. ఆ మేధావి 1945లో మౌత్‌హౌసెన్ నాజీ శిబిరమున మరణించెను. ఫిల్ము వ్యయము తగ్గించుటకై దానిని నిలువునచీల్చి 17.5 మిల్లీమీటర్ల వెడల్పున వాడిన యంత్రములును 1898 మొదలు ఇంగ్లండులోను జర్మనీలోను వచ్చినవి. అవి చీల్చినది నైట్రేటు ఫిల్మునే కనుక ఖర్చు సగమైనది గాని నిప్పు సగము కాలేదు.

1923లో నీ చిక్కును విప్పినది అమెరికాలోని రోచెస్టరు నగరమందలి ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీ. వారు నైట్రేటును విడిచి, మెల్లగా కాలు ఎసిటేటు ఫిల్మును 16 మిల్లీమీటర్ల వెడల్పున చేసిరి. ఈ 16 అను సంఖ్యలో నొక యుక్తి కలదు. 35 మిల్లీమీటర్ల ఫిల్మును రెండుగా చీల్చిన 17.5 వచ్చును, 16 రాదు. కాబట్టి లోభియైన వర్తకుడెవడైనను చవుకబారు నైట్రేటు ఫిల్మును చీల్చి యీ యంత్రములకు అమ్మజూచినను అది వానిలో పట్టదు. గృహిణికి సాంకేతిక జ్ఞానము లేకున్నను, కొలతయే యామెను కాపాడును. ప్రజాక్షేమమునకై చేసిన శాసనములకంటె నిట్టి కొలతలు కొన్నిమాఱులు మేలని మాకు తోచును.

ఆ కంపెనీ శాస్త్రజ్ఞుడు జాన్ కాప్‌స్టాఫ్ మఱియొక మేలు చేసెను. అంతకుముందు ఫిల్ముపై మొదట నలుపుతెలుపులు తాఱుమాఱైన నెగటివు బొమ్మ వచ్చును. దానినుండి వేఱొక ఫిల్ముపై సరియైన బొమ్మ నచ్చుతీయవలెను. అనగా నొక్క చిత్రమునకు రెండు ఫిల్ముల ఖర్చు. కాప్‌స్టాఫ్ పద్ధతిలో కెమేరాలో నడచిన ఫిల్మే రసాయనముల చేత మాఱి, తెఱపై చూపదగిన బొమ్మగా తిరిగివచ్చును. ఖర్చు చాల తగ్గినది. కాని ప్రతి యింటి చిత్రమునకును ప్రతి యొకటియే యుండెడిది. పోయినచో మఱల అచ్చుతీయుటకు నెగటివు లేదు. ఈ సంగతి చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను; తరువాత దీనితో పని కలదు.

కొడాక్ వారి మొదటి కెమేరా, ప్రొజెక్టరు, తెఱ, ముక్కాలి మొదలగు సరంజామా మొత్తము వెల 335 డాలర్లు. ఆ దినములలో ఫోర్డు వారి చవుక మోటారుబండి 300 డాలర్లకు లోపుగానే దొరకుచుండెను. బండికంటె బొమ్మల పెట్టెయే ప్రియము! అంత వెల పెట్టి కొన్నను దానికి చేతిపిడియే, ముక్కాలియు తప్పదు. నిప్పు అడ్డు తొలగినది గాని చేయి యడ్డు తొలగలేదు.

దానిని తొలగించినవారు చికాగోలోని బెల్ అండ్ హొవెల్ సంస్థవారు. ఆ నగరపు ప్రదర్శనశాలలలో యంత్రము నడపుచుండిన డొనాల్డ్ బెల్, యంత్రములు బాగుచేయు పనిశాలలో చేరిన ఆల్బర్ట్ హొవెల్ కలిసి 1907లో 5,000 డాలర్ల మూలధనముతో దీనిని స్థాపించిరి. నాడు ఒకరి ఫిల్ము రంధ్రములు మఱియొకరి యంత్రమునకు సరిపడక తెఱపై బొమ్మ దడదడలాడుచుండెను. హొవెల్ చేసిన రంధ్రములు కొట్టు యంత్రములును, లోహపు కెమేరాయు హాలీవుడ్డునకు ప్రమాణములైనవి. 1923లో వీరు 'ఫిల్మో' అను చేతికెమేరాను విడుదల చేసిరి. బెల్ అప్పటికే సంస్థను విడిచి పోయెను. హొవెల్ మాత్రము నిలిచియుండెను. మొదట 17.5 మిల్లీమీటర్లకై సిద్ధము చేయుచుండిన యంత్రమునే, కొడాక్ వారి క్రొత్త కొలతను విని, 16కు మార్చిరి. అది 16 మిల్లీమీటర్ల కెమేరాలలో స్ప్రింగుతో నడచిన మొదటిది.

స్ప్రింగు పెట్టుట సులభమే. దానిచేత సమముగా పనిచేయించుటయే కష్టము. బిగించిన యుక్కుపట్టీకి మొదట బలమధికము. విప్పుకొనుకొలది బలము క్షీణించును. దానిని స్వేచ్ఛగా విడిచినచో ఫిల్ము మొదట పరుగెత్తి చివఱకు కుంటును. అందుచేత స్ప్రింగునకును ఫిల్మునకును నడుమ పండ్లచక్రముల వరుస నుంచి, ఆ వరుస కొనయందు గవర్నరు అను చిన్నపనిముట్టును అమర్చిరి. తిరుగు కడ్డీకి చిన్న బరువులు కట్టియుండును. వేగము హెచ్చినచో నవి వెలుపలికి విచ్చుకొని తోలుబిళ్లను రాచి వేగమునాపును. తగ్గినచో లోపలికి ముడుచుకొని వదలును. గ్రామఫోనులో పాట శ్రుతి తప్పకుండ కాపాడునదియు నిదియే. మంచి కెమేరాలలో నింకొక కట్టడి గూడ నుండెను: స్ప్రింగు బలహీనమై వేగము జాఱకమునుపే యంత్రము టక్కున నిలిచిపోవును. చచ్చు వేగముతో తీయుటకంటె తీయకుండుటయే మేలని దాని నిర్మాతల భావము.

ఒకమాఱు కీ ఇచ్చినచో నిట్టి కెమేరా సుమారు అర నిమిషము నడచును. పిమ్మట మఱల కీ ఇయ్యవలెను. ఈ అర నిమిషమే యింటి చలనచిత్రములకు ఛందస్సు వంటిది. తీయువాడు ముందుగా నెంచుకొనవలెను. అనవసరముగా మీట నొక్కరాదు. పెండ్లికుమార్తె మెట్లు దిగునప్పటికి కీ నిండుగా నుండవలెను. నూఱడుగుల చుట్ట యొకటి 4,000 బొమ్మలు, అనగా నాలుగు నిమిషములకు కొంచెము మించిన కాలము. అందుచేత నెల కొక చుట్ట కొనగలిగిన తండ్రి సంవత్సరమంతటికి ముప్పావు గంట జీవితము నెన్నుకొనుచుండెను. చేతిలోని పరికరము తీసినంత తీయనిచ్చు ఈ కాలమున మనకా యెన్నిక బాధ లేదు. ఆ యెన్నిక వలని విలువయు లేదు.

ఇంకొక చిత్రమైన లోపము. ఈ కుటుంబ చిత్రములను వరుసగా చూచినచో నెక్కువగా తండ్రి కనబడడు. తల్లి, పిల్లలు, అవ్వ, కుక్క, క్రొత్త మోటారుబండి యన్నియు నుండును. తండ్రి కెమేరా వెనుక నుండును. ఈ చిక్కును గమనించియే కాబోలు, నిర్మాతలు మీటను నొక్కినచోటనే బిగించియుంచు కొక్కెము నమర్చిరి. దానిని బిగించి, కెమేరాను బల్లపై బెట్టి, తండ్రి పరుగున వచ్చి కుటుంబము నడుమ నిలిచి నవ్వవచ్చును. ఆ నవ్వులో నెప్పుడును కొంత తొందర కనబడును. అర నిమిషము గడచిపోవుచున్నది గదా!

వృత్తికారులకై చేసినది తరువాత గృహస్థులకు దిగివచ్చుట లోకములో పరిపాటి. ఇచ్చట నందుకు విపర్యయము జరిగినది. గృహస్థునికై చేసిన ఫిల్మోను పెద్దదిగా చేసి, 35 మిల్లీమీటర్ల ఫిల్ము పట్టునట్లు మార్చి, 1925లో 'ఐమో' అను పేర వార్తాచిత్రకారుల కిచ్చిరి. డచ్చి దర్శకుడు యోరిస్ ఐవెన్స్ 1938లో చైనాయుద్ధమును చిత్రించి పోవుచు తన ఐమోను యెనాన్ వెళ్లనున్న చైనా చలనచిత్రకారులకు విడిచిపోయెను; దానితోనే యచ్చటి కమ్యూనిస్టుల తొలి వార్తాచిత్రములు తీయబడినవి. 1943లో టరావా దీవి యుద్ధమున నమెరికా నావికభటుల నడుమ కాల్పులలో నిలిచి చిత్రము తీసినవారి చేతులలో నుండినదియు నిదియే. విద్యుత్తీగ యక్కఱలేదు, బ్యాటరీ యక్కఱలేదు. చేతిలో బలమున్నంతకాలము యంత్రమున బలముండును.

ఐరోపాలో ఫ్రాన్సు దేశపు పాతే కంపెనీ వేఱుదారి త్రొక్కినది. 1922 క్రిస్మసునాటికి 'పాతే బేబీ' యను చిన్న ప్రొజెక్టరును, మఱుసటి యేట కెమేరాను అంగళ్లలో నుంచిరి. దాని ఫిల్ము 9.5 మిల్లీమీటర్లే, రంధ్రములు ప్రక్కలనుగాక బొమ్మకు బొమ్మకు నడుమ నుండుటచే వెడల్పంతయు బొమ్మకే దక్కినది. మొదట నిదియు చేతిపిడిదే. స్ప్రింగు పిమ్మట చేరినది. అమెరికాలో డావెన్‌పోర్టు ఊర అలెగ్జాండర్ విక్టర్ అను స్వీడను దేశీయుడు 1923లోనే చవుకగా చేతిపిడి కెమేరా నమ్మెను. ఈయన పూర్వము రంగస్థలముపై ఇంద్రజాలము చేసి జీవించినవాడు. పనియందు పెద్దమార్పేమియు లేదని చమత్కరింపవచ్చును. కీస్టోన్, రివేర్, నీట్సో, యూమిగ్ మొదలగు సంస్థలు తరువాత వచ్చినవి. వాని జాబితాతో చదువరులను విసిగింపము.

ఒక్క స్విట్జర్లండు యంత్రమును మాత్రము విడువరాదు. కీవ్ నగరమున పుట్టి జెనీవాకు వచ్చిన జాక్ బొగొపోల్‌స్కీ తన పేరులోని 'బోల్' అను ముక్కను తన కెమేరాల కిచ్చెను. 1930లో నతని వ్యాపారమును సాంత్‌క్రువా ఊరి పైయార్ సంస్థవారు కొనిరి. జూరా కొండలలోని యా యూర 1814 మొదలు వారు గడియారములును, కీ ఇచ్చిన పాడు సంగీతపు పెట్టెలును, పిమ్మట గ్రామఫోనులును చేయుచుండిరి. స్ప్రింగు వారికి వంశవిద్య. రేడియో వచ్చి గ్రామఫోను బేరము చెడుచున్న దినములలో నా విద్యకు క్రొత్తయుపయోగము కావలసివచ్చెను. వారి యింజనీర్లు క్రొత్తగా రూపించిన బోలెక్స్ హెచ్-16 1935లో వెలువడెను. బొమ్మల లెక్క చూపు ముల్లు, ఫిల్మును వెనుకకు త్రిప్పి బొమ్మపై బొమ్మ తీయు వసతి, మూడు కటకములు తిరుగు బిళ్ల — ఇవి యొకనాటి గృహస్థునికి మించిన సొగసులు. అందుచేతనే కళాకారులు దానిని చేపట్టిరి. లిథువేనియా విడిచి, యుద్ధానంతరము జర్మనీలో నిర్వాసితుల శిబిరములలో బ్రతికి, 1949లో న్యూయార్కు చేరిన జోనాస్ మేకాస్ వచ్చిన కొలదివారములలోనే యప్పుచేసి బోలెక్స్ కొనెను. చేతిలో పైకము లేనివాడు మొదట అన్నమునకుగాక కెమేరాకు అప్పుచేయుట వివేకమా యని గృహస్థులడుగవచ్చును. దానితో నతడు డెబ్బదియేండ్ల కాలమున తొలిభాగమంతయు దినచర్య వ్రాసినట్లు చిత్రములు తీసెను. తునుకలుతునుకలుగా, కొన్ని సెకండ్ల చొప్పున.

ఇంతవఱకు ధనికుల కథయే. 1926లో న్యూయార్కున నేర్పడిన అమెచ్యూరు సినిమా లీగునకు మొదటి యధ్యక్షుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఈయన తండ్రి మరతుపాకిని కల్పించినవాడు. తాను తుపాకిమ్రోతను అణచు గొట్టమును కల్పించెను. ఆ లీగు సభ్యులు పడవలును, తోటలును గలవారు. ఆర్థికమాంద్యము ముదిరిన 1932లో కొడాక్ వారు మఱియొక గణితము చేసిరి. 16 మిల్లీమీటర్ల ఫిల్మునే తీసికొని, రంధ్రములను రెట్టించి, మొదట నొక యంచున, పిమ్మట చుట్టను త్రిప్పిపెట్టి రెండవ యంచున బొమ్మలు తీసి, కడిగిన తరువాత నడుమ చీల్చి యతికిరి. 25 అడుగుల ఫిల్ముపై నూఱడుగులలో పట్టు 4,000 బొమ్మలును పట్టినవి. ఈ 8 మిల్లీమీటర్ల కెమేరాలలో మొదటిదాని వెల 29 డాలర్ల 50 సెంట్లు. పది సంవత్సరములలో వెల పదోవంతునకు దిగినది. 1935లో కొడాక్రోము అను రంగుల ఫిల్మును గూడ తెచ్చిరి. దానిని కనుగొన్న మానెస్, గొడౌస్కీ యిరువురును సంగీతవిద్వాంసులు. చీకటిగదిలో గడియారము కనబడనందున బ్రామ్స్ రాగమును ఈలవేయుచు కాలము కొలిచిరని చెప్పుదురు.

ఇప్పుడు ముఖ్యమైన ప్రశ్న. యంత్రము చేతికి వచ్చినది. ఆ చేయి యెవరిది? మన దేశమునకు సంబంధించిన నిదర్శనమే చూడుడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని దక్షిణాసియా అధ్యయనకేంద్రమున 1930, 1940 దశకములలో మన దేశమున తీయబడిన గృహచలనచిత్రములు భద్రముగా నున్నవి. వానిలో నధికభాగమిచ్చట నివసించిన ఆంగ్లేయ కుటుంబములవి. మన వీధులు, మన పంటపొలములు, మనవారి ముఖములు వానిలో కనబడును. కాని కెమేరా వెనుకనున్న కన్ను తఱుచుగా మనది కాదు. ఆ చిత్రములు తీసినవారు మనలను ద్వేషించిరని మేమనము. వారికి కావలసినవారు తమ పిల్లలు. వెనుక నిలిచిన మనుష్యుడు చిత్రమున పడినాడు, అంతే. అతని పేరు వ్రాసియుంచుటకు వారికి కారణము కనబడలేదు.

ఇందుకు భిన్నముగా జరిగినచోట నేమగునో రెండు నిదర్శనములు చెప్పెదము. సోలొమన్ సర్ జోన్సు అమెరికాలో దాస్యమనుభవించిన తల్లిదండ్రులకు 1869లో పుట్టిన నల్లజాతి క్రైస్తవబోధకుడు. ఈయన 1924 మొదలు 1928 దాక ఓక్లహోమా రాష్ట్రమున తన జాతివారి జీవనమును 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసెను. అదే రాష్ట్రమందలి టల్సా నగరమున 1921లో తెల్లజాతి గుంపులు నల్లవారి పేటనంతయు తగులబెట్టి యుండిరి. జోన్సు చిత్రములలో బడికి పోవు పిల్లలు, చర్చినుండి వరుసగా వెలువడు కుటుంబములు, దుకాణముల యజమానులు, మఱల లేచిన టల్సా వీధులు కనబడును. ఎవరిని యెక్కడ తీసినదియు అక్షరములలో వ్రాసి బొమ్మల నడుమ చూపెను. నాటి వ్యాపార చలనచిత్రములలో నల్లవానికి దొరకినది హాస్యగాని వేషము. ఈ బోధకుని చేతిపెట్టెలో నతడు గృహస్థుడు.

రెండవది ఇంకను విచిత్రము. 1942లో జపానుతో యుద్ధము వచ్చినంతట నమెరికా ప్రభుత్వము పడమటితీరమునందలి జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లు విడిపించి యెడారి శిబిరములలో బంధించెను. వారిలో నెక్కువమంది ఆ దేశమున పుట్టిన పౌరులే. కెమేరా వారియొద్ద నుండరాదని నిషేధము. సాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు డేవ్ తత్సునో యూటా రాష్ట్రమందలి టోపాజ్ శిబిరమునకు పంపబడెను. అచ్చటి సహకార దుకాణములో నతనికి పైయధికారిగా నుండిన యుద్యోగి తానును గృహచలనచిత్ర ప్రియుడు. మిత్రుని యింట దాచిన తత్సునో 8 మిల్లీమీటర్ల బెల్ అండ్ హొవెల్ కెమేరాను ఆ యుద్యోగియే తన పేరిట తెప్పించి యిచ్చెను. కావలివాని కండ్లబడకుండ తత్సునో రంగులఫిల్ముపై మంచు కురియుటను, ధూళితుపానును, క్రొత్తయేటికై బియ్యము దంచుటను, తన పిల్లలను తీసెను. కీ త్రిప్పి, అర నిమిషము తీసి, దాచవలెను. స్ప్రింగు గాక తీగతోనో ముక్కాలితోనో పనియున్న యంత్రమైనచో నిది సాధ్యమగునా? ఈ చిత్రమును 1996లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిరి. బంధించిన ప్రభుత్వమే యర్ధశతాబ్దము గడచిన పిమ్మట దానిని జాతిసంపదగా నెంచినది.

ఆ పట్టికలో నంతకుముందు 1994లో చేరిన గృహచిత్రమొకటి కలదు. దానిని గూర్చి చదువరు లెఱుగుదురు. 1963 నవంబరు 22వ తేదీన డల్లసు నగరమున అధ్యక్షుడు కెనెడీ బండి వచ్చుచుండగా, స్త్రీల దుస్తులు కుట్టించి యమ్ము వ్యాపారి ఏబ్రహాం జప్రూడర్ నిండుగా కీ ఇచ్చిన బెల్ అండ్ హొవెల్ 8 మిల్లీమీటర్ల కెమేరాతో కాంక్రీటు గద్దెపై నిలిచియుండెను. ఉదయము కెమేరాను ఇంటనే విడిచి రాగా, కార్యాలయపు ఉద్యోగిని హెచ్చరించుటచే తిరిగి పోయి తెచ్చుకొనెను. హత్య జరిగిన 26 సెకండ్లును దానిలో పడినవి. మొత్తము 486 బొమ్మలు.

ఇచ్చట స్ప్రింగు సాక్షియైనది. గుండ్లకు గుండ్లకు నడుమ గడచిన కాలమెంత? కొలిచిన గడియారము లేదు. నేరపరిశోధకులు ఆ కెమేరానే తెప్పించి కీ ఇచ్చి నడపి కొలువగా, సెకండునకు సగటున 18.3 బొమ్మలని తేలినది. నిందితుని తుపాకిని మఱల పేల్చుటకు తక్కువలో తక్కువ 2.3 సెకండ్లు పట్టునని నిర్ణయించిరి. అనగా 42 బొమ్మలు. తరువాత నా హత్యను గూర్చి వ్రాసిన ప్రతి గ్రంథమును, ప్రతి వివాదమును ఈ లెక్కపైననే నిలిచినవి. ఒక వర్తకుడు మనుమల యాటలు తీయుటకు కొన్న పెట్టెలోని గవర్నరు బరువులు, తోలుబిళ్ల, ఒక మహారాజ్యపు విచారణకు కాలప్రమాణమైనవి. హంతకు డొక్కడా ఇద్దఱా యను వివాదములోనికి మేము దిగము. ఆ ఫిల్మునకై 1999లో మధ్యవర్తులు జప్రూడర్ కుటుంబమునకు 1 కోటి 60 లక్షల డాలర్లు నిర్ణయించిరి. వెల కట్టుటయే యొక విధమైన హింస యని మాకు తోచినది. ఆ గృహస్థుడు జీవించినంతకాలము, అధ్యక్షుని తలకు దెబ్బ తగిలిన 313వ బొమ్మను ప్రకటింపవలదనియే కోరుచుండెను.

1965లో కొడాక్ వారు 'సూపర్ 8' అను క్రొత్త కొలతను, చుట్ట నెక్కించు శ్రమలేని పెట్టెలను తెచ్చిరి. కెమేరాలలో బ్యాటరీ మోటారు ప్రవేశించెను, కీ పోయెను. స్ప్రింగు కెమేరాలు అటకలెక్కినవి. గ్రీజు గట్టిపడనివి నేటికిని కీ ఇచ్చిన తిరుగును. ఫిల్ము మాత్రము అంత దీర్ఘాయువు కాదు. నిప్పునుండి గృహిణిని కాపాడిన ఆ యెసిటేటుకే వేఱొక వ్యాధి కలదు. వేడిలోను తేమలోను నుంచినచో నది విచ్ఛిన్నమై పుల్లని వాసన నిచ్చును. డబ్బా తెఱచినంతనే సిర్కా సీసా తెఱచినట్లుండును. ఒక చుట్టకు పట్టిన యీ రోగము ప్రక్కచుట్టలకును అంటును. పిమ్మట ఫిల్ము ముడుచుకొని, వంకరలు తిరిగి, ఏ ప్రొజెక్టరుకును పట్టదు. మేము మొదట జ్ఞప్తియందుంచుకొనుమన్న సంగతి యిదియే: దీనికి నెగటివు లేదు, రెండవ ప్రతి లేదు.

2002 మొదలు కొందఱు చిత్రభాండాగారముల వారు పలుదేశములలో నేటేట నొక దినము 'హోమ్ మూవీ డే' యని జరుపుచున్నారు. అటకమీది డబ్బాలను జనులు తెచ్చుకొందురు. నిపుణులు ఫిల్ము ఎంత కుంచించినదో, రంధ్రములెన్ని చినిగినవో చూచి, తట్టుకొనగలదానిని ప్రొజెక్టరులో నెక్కించి నడపుదురు. ఈ చిత్రములు మాటలాడవు. స్ప్రింగు కెమేరాలకు చెవి లేదు. తెఱపై ఒక స్త్రీ పెరటిలో బట్టలారవేయుచు వెనుదిరిగి చూచి చేయి యడ్డము పెట్టుకొనును. ఒక బాలుడు సైకిలెక్కి పడును. చీకటిలో కూర్చున్న ముసలివారెవరో ఆమె ఫలానా, ఆ పిల్లవాడు ఫలానా, ఆ యిల్లు ఫలానా వీధిలోనిదని పలుకుచుందురు. ప్రక్కనున్నవారు కాగితముపై వ్రాసికొనుచుందురు.